బూట్‌లో పార్టిషన్ మౌంట్ కాక ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డెస్క్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ మీద ఉబుంటు 22.04 ఉంది, పక్కన 2 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. పోయిన ఆదివారం డిస్కుని పార్టిషన్లుగా, అంటే భాగాలుగా, విడదీసే జీపార్టెడ్‌లో ఫొటోల పార్టిషన్‌ని కాస్త తగ్గించి, దాని వెనక ఉన్న బ్యాకప్ పార్టిషన్‌ని పెద్దది చేసి మళ్లీ ఫార్మాట్ కొట్టారు. రీబూట్ చేస్తే ‘ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అంటూ నిమిషంన్నర తిప్పి, నల్ల స్క్రీన్ మీద ‘యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్’ అని ఆగిపోతోంది. ఎవరో రీఇన్‌స్టాల్ చేసేయమన్నారు. పదకొండేళ్ల ఫొటోలు అందులో ఉన్నాయి, ఉన్నాయా పోయాయా అని రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నారు.

రీఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఫొటోలు ఉన్నాయనే నా నమ్మకం. మీ సిస్టమ్ ఆగిపోవడానికి కారణం దాదాపుగా ఒక్క లైను. ఏ పార్టిషన్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (అదే మౌంట్) రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో బ్యాకప్ పార్టిషన్‌కి పాత యూయూఐడీ (గుర్తింపు నంబరు) రాసి ఉంది, మీరు ఫార్మాట్ చేసేసరికి ఆ పార్టిషన్‌కి కొత్త యూయూఐడీ వచ్చింది. సిస్టమ్ పాత నంబరు కోసం వెతుకుతూ కూర్చుంది, దొరకలేదు, ఆగిపోయింది. ఫొటోల పార్టిషన్‌ని మీరు సైజు మాత్రమే తగ్గించారు, ఫార్మాట్ చేయలేదు. సైజు మారిస్తే యూయూఐడీ మారదు, ఫార్మాట్ చేస్తేనే మారుతుంది. ఎమర్జెన్సీ మోడ్‌లోనే ఒకసారి డీఎఫ్ హైఫన్ హెచ్ అని కొట్టి చూడండి, ఫొటోల పార్టిషన్ అప్పటికే మౌంట్ అయి కనిపించొచ్చు.

(ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నాను, అందుకే కమాండ్లన్నీ పలికినట్టే రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.)

ముందు సిస్టమ్‌ని లేపుదాం. ఆ నల్ల స్క్రీన్ దగ్గర ఉబుంటు అయితే ఎంటర్ నొక్కమంటుంది, మరికొన్ని డిస్ట్రోలు (లినక్స్ రకాలు) రూట్ పాస్‌వర్డ్, అంటే అన్ని అధికారాలున్న యూజర్ పాస్‌వర్డ్ అడుగుతాయి. ప్రాంప్ట్ వచ్చాక సీపీ కమాండ్‌తో ఎఫ్ఎస్‌ట్యాబ్‌కి ఒక కాపీ తీయండి. ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని తిరస్కరిస్తే, మౌంట్ హైఫన్ ఓ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ స్లాష్ అని కొట్టి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత నానో ఎడిటర్లో స్లాష్ ఈటీసీ స్లాష్ ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరిచి, బ్యాకప్ పార్టిషన్ లైను మొదట్లో ఒక హ్యాష్ గుర్తు పెట్టి, సేవ్ చేసి రీబూట్ చేయండి. లైను చెరిపేయొద్దు, హ్యాష్ పెడితే చాలు. ఆ లైన్లో రాసిన ఆప్షన్లు తర్వాత మళ్లీ కావాలి.

డెబియన్ లాంటి వాటిలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ పెట్టకపోతే ‘రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్’ అని లోపలికే రానివ్వదు. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ మీంచే నడిచే లినక్స్‌తో) బూట్ చేసి, అసలు రూట్ పార్టిషన్‌ని (సిస్టమ్ ఉన్నదాన్ని) ఎంఎన్‌టీ మీద మౌంట్ చేసి, అందులో ఉన్న ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని మార్చండి. ఇక్కడ చాలామంది పొరబడతారు, లైవ్ యూఎస్‌బీ సొంత ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని తెరిచి మార్చేసి రీబూట్ చేసి ‘ఏం మారలేదండీ’ అంటారు. మీరు తెరవాల్సింది ఎంఎన్‌టీ కింద ఉన్న ఈటీసీలోది.

సిస్టమ్ లేచాక ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కొట్టండి. ప్రతి పార్టిషన్ పక్కన దాని ఫైల్ సిస్టమ్, లేబుల్, యూయూఐడీ కనిపిస్తాయి. బ్యాకప్ పార్టిషన్ పక్కన ఉన్న కొత్త యూయూఐడీని కాపీ చేసి ఎఫ్ఎస్‌ట్యాబ్ లైన్లో పాతదాని బదులు పెట్టి, హ్యాష్ తీసేయండి. మీ సమస్య వరకు పని ఇంతే, కాకపోతే రీబూట్ కొట్టేముందు చివర్లో చెప్పిన పరీక్షలు చేయండి.

ఇదే ఎమర్జెన్సీ మోడ్‌కి వేరే కారణాలతో కూడా చేరతారు, వాటిలో కొన్నిట్లో తొందరపడితే నిజంగానే డేటా పోతుంది. అందుకని మిగతాది కూడా చెప్తాను. నేను పద్నాలుగేళ్లుగా చిన్న ఆఫీసులకీ, ఫొటో స్టూడియోలకీ, ఒకటి రెండు కాలేజీ ల్యాబ్‌లకీ లినక్స్ మెషీన్లు చూస్తున్నాను. కింద చెప్పేవన్నీ వాటి దగ్గర కూర్చుని చూసినవే.

ఒక్క లైను తప్పయితే మొత్తం సిస్టమ్ ఎందుకు ఆగాలి అని మీరు అడిగారు, న్యాయమైన ప్రశ్న. ఇప్పటి డిస్ట్రోలన్నిట్లో బూట్‌ని నడిపేది ఎక్కువగా సిస్టమ్‌డీ. అది బూట్ మొదట్లోనే ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని చదివి ఒక్కో లైన్‌ని ఒక్కో మౌంట్ యూనిట్‌గా మార్చుకుంటుంది. మీరు ఇంకేమీ చెప్పకపోతే, ఆ లైన్లో ఉన్న డిస్కు లేకుండా సిస్టమ్ నడవకూడదనే అనుకుంటుంది. అది డేటాబేస్ డిస్కో, ఉత్త సినిమాల డిస్కో దానికి తెలియదు కదా. అందుకని 90 సెకన్లు ఎదురుచూస్తుంది, రాకపోతే ‘డిపెండెన్సీ ఫెయిల్డ్’ అని మిమ్మల్ని ఎమర్జెన్సీ షెల్లోకి దింపుతుంది. ఆ నిమిషంన్నర అందుకే.

కాబట్టి ఆ డిస్కు లేకపోయినా సిస్టమ్ లేవొచ్చు అని మీరే చెప్పాలి. లైన్లో నాలుగో గడిలో డిఫాల్ట్స్ పక్కన కామా పెట్టి నోఫెయిల్ అని రాయండి. దానితోపాటు ఎక్స్ హైఫన్ సిస్టమ్‌డీ చుక్క డివైస్ హైఫన్ టైమ్‌అవుట్ ఈక్వల్స్ 10ఎస్ అని కూడా రాస్తే, ఆ డిస్కు కోసం వెతకడం 10 సెకన్లకే ఆపేస్తుంది. ఫొటోలు, సినిమాలు, బ్యాకప్‌లు, బయటి యూఎస్‌బీ డిస్కులు, వీటన్నిటికీ నేను నోఫెయిల్ లేకుండా లైను రాయను. మీకు దగ్గరలో లేని మెషీన్ అయితే మరీ ముఖ్యం. ఒక క్లయింటు సర్వర్‌కి అదనపు డిస్కు తగిలించి, లైను రాసి, రాత్రి పదకొండుకి రీబూట్ కొట్టాను. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) మళ్లీ రాలేదు. నెట్‌వర్క్ లేచేలోపే బూట్ ఆగిపోయింది, సర్వర్ ఏమో వేరే ఊళ్లో. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి మానిటర్ తగిలిస్తే యూయూఐడీలో చివరి అక్షరం కాపీ కాలేదు. నోఫెయిల్ ఉండుంటే ఆ డిస్కు ఒక్కటి లేకుండా సర్వర్ లేచేది, నేను ఇంట్లో కూర్చునే సరిచేసేవాణ్ని.

నోఫెయిల్‌తో ఒక ప్రమాదం కూడా ఉంది, ఇది చాలామంది చెప్పరు. డిస్కు మౌంట్ కాకపోయినా ఆ ఫోల్డర్ మాత్రం ఉంటుంది, ఖాళీగా. మీ బ్యాకప్ స్క్రిప్టు రాత్రి రెండింటికి లేచి ఆ ఖాళీ ఫోల్డర్లో రాయడం మొదలుపెడుతుంది, అంటే నిజానికి రూట్ ఎస్ఎస్‌డీ మీద రాస్తోంది. గుంటూరులో ఒక పెళ్లిళ్ల ఫొటో స్టూడియోకి ఇలాగే జరిగింది. మూడు రాత్రుల్లో 256 జీబీ ఎస్ఎస్‌డీ నిండిపోయి, డెస్క్‌టాప్‌లో లాగిన్ కూడా కాలేకపోయారు. డిస్కు మౌంట్ కాలేదన్న సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఫోల్డరు ఉంది, అందులో ఫైళ్లూ కనిపిస్తున్నాయి. ఆ తర్వాత నుంచి నేను ఒక పని చేస్తాను. డిస్కు మౌంట్ కానప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్ఏటీటీఆర్ ప్లస్ ఐ కమాండ్ కొడతాను. అప్పుడు ఆ ఫోల్డర్లో రూట్ యూజర్ కూడా ఏమీ రాయలేడు. డిస్కు మౌంట్ అయితే దాని మీద మామూలుగా రాసుకోవచ్చు, మౌంట్ కాకపోతే స్క్రిప్టు వెంటనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఒక్క కమాండ్, ఒక్కసారి చేస్తే చాలు. స్లాష్ హోమ్‌కీ, డేటాబేస్ డైరెక్టరీకీ మాత్రం నోఫెయిల్ పెట్టొద్దు. ఖాళీ డైరెక్టరీ చూసి డేటాబేస్ కొత్తగా మొదలైతే ఆ గందరగోళం తీర్చడం కన్నా ఎమర్జెన్సీ షెల్ చాలా నయం.

ఇప్పుడు కారణం తెలియనప్పుడు ఎలా వెతకాలో చెప్తాను. నా దగ్గరికి వచ్చే ప్రతి కేసులో మొదట తేల్చుకునేది ఒక్కటే: తప్పు లైన్లో ఉందా, డిస్కులో ఉందా? అది తేలేదాకా డిస్కు మీద ఏమీ రాయను. ఫార్మాట్ మాట అటుంచండి, రిపేర్ కమాండ్ కూడా కొట్టను. ఎల్ఎస్‌బీఎల్‌కే, బీఎల్‌కేఐడీ, జర్నల్‌సీటీఎల్ హైఫన్ ఎక్స్‌బీ, డీమెసేజ్ (డీఎంఈఎస్‌జీ అని కొట్టాలి), ఇవన్నీ చూసే కమాండ్లే, ఎన్నిసార్లు కొట్టినా నష్టం లేదు.

ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్‌లో డిస్కు, పార్టిషన్, ఫైల్ సిస్టమ్ పేరు అన్నీ చక్కగా కనిపిస్తున్నాయా? అయితే తప్పు లైన్లోనే అయి ఉండే అవకాశం ఎక్కువ. యూయూఐడీని అక్షరం అక్షరం పోల్చండి. బీఎల్‌కే ఐడీ కొడితే యూయూఐడీతోపాటు పార్ట్‌యూయూఐడీ అని ఇంకోటి కూడా వస్తుంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పార్ట్‌యూయూఐడీని తెచ్చి యూయూఐడీ ఈక్వల్స్ పక్కన పెట్టేసినవాళ్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల్లో ఇంకో మెలిక ఉంది, లక్స్ పెట్టెకి (ఎన్‌క్రిప్ట్ చేసిన పై పొరకి) ఒక యూయూఐడీ, దాన్ని తెరిచాక లోపల ఉన్న ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌కి ఇంకో యూయూఐడీ. ఎన్‌క్రిప్ట్ డిస్కుల జాబితా ఉండే క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్లో పెట్టెది రాయాలి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో లోపలిది రాయాలి.

యూయూఐడీ పొడవు చూసి కూడా కొంత చెప్పొచ్చు. ఎక్స్‌ట్4, ఎక్స్ఎఫ్ఎస్ లాంటి లినక్స్ ఫైల్ సిస్టమ్‌లకి హైఫన్లతో కలిపి 36 అక్షరాలు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌కి హైఫన్ లేకుండా 16. ఫ్యాట్ అయితే మధ్యలో హైఫన్‌తో నాలుగూ నాలుగూ ఎనిమిది. ఎక్స్‌ట్4 అని రాసిన లైన్లో 16 అక్షరాల యూయూఐడీ కనిపించిందంటే పక్క లైనుది తెచ్చి పెట్టారన్నమాట.

యూయూఐడీ బదులు ఎస్‌డీబీ1 అని రాసి ఉంటే అదే మీ సమస్య కావొచ్చు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి ఆ బూట్‌లో ఏ డిస్కు ముందు కనిపిస్తే దానికి దక్కే పేర్లు. ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచి బూట్ చేసినా వరస మారిపోవచ్చు. ఎన్‌వీఎంఈ డిస్కులు రెండున్నా అంతే, సున్నా ఒకటి అవుతుంది, ఒకటి సున్నా అవుతుంది.

లైన్లో చిన్న చిన్న తప్పులు కూడా సిస్టమ్‌ని ఆపేస్తాయి. ఫోల్డర్ పేరులో స్పేస్ ఉంటే అక్కడ స్పేస్ బదులు బ్యాక్‌స్లాష్ 040 రాయాలి, లేకపోతే సగం పేరు తర్వాతి గడిలోకి వెళ్లిపోతుంది. ఫోన్‌లోంచో వర్డ్‌లోంచో కాపీ చేసిన లైన్లో కోట్ గుర్తులు వంపు తిరిగిపోయి ఉంటాయి, కంటికి తేడా తెలియదు. ఇంకోటి, ఎన్‌టీఎఫ్ఎస్ కోసం రాసిన లైన్ని తెచ్చి పేరు మాత్రం ఎక్స్‌ట్4 అని మారుస్తారు. యూఐడీ ఈక్వల్స్ 1000, యూమాస్క్ లాంటి ఆప్షన్లు ఎన్‌టీఎఫ్ఎస్‌కీ ఫ్యాట్‌కీ చెల్లుతాయి, ఎక్స్‌ట్4 ఒప్పుకోదు. అలాంటప్పుడు వచ్చే మెసేజ్ చూస్తే గుండె ఆగుతుంది: ‘రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్...’ అని పెద్ద వాక్యం. అందులో బ్యాడ్ సూపర్‌బ్లాక్ అన్న మాట పట్టుకుని జనం రిపేర్లకి దిగుతారు. ఆ వాక్యం అర్థం, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది అని మాత్రమే. అసలు కారణం డీమెసేజ్ చివరి నాలుగు లైన్లలో ఉంటుంది. తెలియని ఆప్షన్ అయితే ఆ ఆప్షన్ పేరుతో సహా అక్కడ రాసి ఉంటుంది.

స్లాష్ బూట్ స్లాష్ ఈఎఫ్ఐ మౌంట్ కాకుండా ‘అన్‌నోన్ ఫైల్ సిస్టమ్ టైప్ వీఫ్యాట్’ అని వస్తే డిస్కుతో సంబంధం లేదు. నడుస్తున్న కర్నెల్ (లినక్స్ గుండెకాయ) వెర్షన్ ఒకటి, డిస్కు మీద ఉన్న మాడ్యూల్స్ (దాని డ్రైవర్లు) ఇంకో వెర్షన్‌వి, అందుకని వీఫ్యాట్ మాడ్యూల్ ఎక్కడం లేదు. అప్‌డేట్ జరిగినప్పుడు బూట్ పార్టిషన్ మౌంట్ అయి లేకపోతే ఇలా అవుతుంది. యూనేమ్ హైఫన్ ఆర్ కొట్టి, లిబ్ స్లాష్ మాడ్యూల్స్‌లో అదే పేరుతో ఫోల్డర్ ఉందో లేదో చూడండి.

విండోస్ కూడా ఉన్న మెషీన్లలో డి డ్రైవ్ మౌంట్ కాకపోతే ముందు నేను అడిగేది విండోస్‌ని ఎలా ఆపారని. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ నిజంగా షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేషన్. డ్రైవ్‌ని అది ఇంకా తన చేతిలోనే పెట్టుకుని పడుకుంటుంది. 5.15 కర్నెల్‌తో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవర్ అయితే ‘వాల్యూమ్ ఈజ్ డర్టీ’ అని మౌంట్ చేయడానికే ఒప్పుకోదు, పాత ఎన్‌టీఎఫ్ఎస్ 3జీ అయితే రీడ్ ఓన్లీగా తెరుస్తుంది. ఒక కాలేజీ ల్యాబ్‌లో ప్రతి సోమవారం సగం మెషీన్లు ఎమర్జెన్సీ మోడ్‌లో ఉండేవి, మిగతా రోజుల్లో బాగానే ఉండేవి. శనివారం మధ్యాహ్నం విండోస్‌లో ఆఫీస్ ప్యాకేజీల క్లాసు ఉండేది, పిల్లలు షట్‌డౌన్ కొట్టి వెళ్లేవాళ్లు. సోమవారం పొద్దున లినక్స్ క్లాసు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ అని కొట్టాం, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ పెట్టాం, గొడవ పోయింది. డర్టీ అని వచ్చినప్పుడు ఫోర్స్ ఆప్షన్ పెట్టొద్దు. విండోస్‌లోకి వెళ్లి సీహెచ్‌కేడిస్క్ స్లాష్ ఎఫ్ చేయడమే పద్ధతి. లినక్స్‌లో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ ఉంది కానీ అది చిన్నవి కొన్ని సరిచేస్తుంది తప్ప సీహెచ్‌కేడిస్క్ చేసే పని చేయదు.

ఇక ఎల్ఎస్‌బీఎల్‌కేలో డిస్కే కనిపించకపోతే ఎఫ్ఎస్‌ట్యాబ్‌తో కుస్తీ పట్టొద్దు. మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, సాటా కేబుల్ రెండు వైపులా తీసి పెట్టండి, వీలుంటే కేబులే మార్చండి. డిస్కు ఒకరోజు కనిపించి ఒకరోజు కనిపించకపోతే కేబులో, పవర్ కనెక్టరో అయి ఉండొచ్చు. డిస్కు ఆరోగ్యం (స్మార్ట్) చెప్పే స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఏ కొట్టి 199వ నంబర్ లైను చూడండి, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. అది పెరుగుతూ పోతుంటే తప్పు కేబుల్ వైపు. 5, 197 నంబర్లు పెరుగుతుంటే మాత్రం డిస్కు ప్లేట్లే పోతున్నాయి, అది వేరే కథ.

డిస్కు కనిపిస్తోంది, ఫైల్ సిస్టమ్ గడి మాత్రం ఖాళీగా ఉంది అంటే చేతులు కట్టుకుని ఆలోచించాల్సిన సమయం. అక్కడ లినక్స్ రెయిడ్ మెంబర్ అనో, ఎల్‌వీఎం2 మెంబర్ అనో (రెండూ డిస్కుల్ని కలిపి వాడే పద్ధతులు), క్రిప్టో లక్స్ అనో రాసి ఉంటే ఖాళీ కాదు, దాన్ని తెరిచే పని ఇంకా జరగలేదంతే. ఎల్‌వీఎం అయితే వీజీచేంజ్ హైఫన్ ఏవై కొడితే వాల్యూమ్‌లు లేస్తాయి. నిజంగానే ఏమీ లేకపోతే విండోస్ గానీ ఏదైనా టూల్ గానీ ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగినప్పుడు ఔననొద్దు.

చివరిగా డిస్కులోనే తప్పు ఉన్న కేసు. కరెంటు పోయి మెషీన్ ఠక్కున ఆరిపోతే ఎక్స్‌ట్4 తన జర్నల్ (రాతల చిట్టా) నుంచి తనే సర్దుకుంటుంది, మనం ఏమీ చేయక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి ‘రన్ ఎఫ్ఎస్‌సీకే మాన్యువల్లీ’ అని ఆగుతుంది, ఎఫ్ఎస్‌సీకే అంటే ఫైల్ సిస్టమ్‌ని పరీక్షించి రిపేర్ చేసే కమాండ్. అప్పుడు నేను చేసే వరస ఇది. పార్టిషన్ మౌంట్ అయి లేదని రూఢి చేసుకుంటాను, మౌంట్ అయి ఉన్నదాని మీద ఎఫ్ఎస్‌సీకే నడిపితే అదే పాడుచేస్తుంది. తర్వాత స్మార్ట్ చూస్తాను. డిస్కు ఆరోగ్యంగా ఉంటే ఈ2ఎఫ్ఎస్‌సీకే హైఫన్ ఎన్ కొడతాను, అది ఏమీ మార్చకుండా ఏమేం తప్పులున్నాయో మాత్రం చెప్తుంది. పది పదిహేను లైన్లే వస్తే ఎన్ తీసేసి వై పెట్టి నడిపిస్తాను. వేల లైన్లు పరిగెడుతుంటే కంట్రోల్ సీ కొట్టి, ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కు మీదకి కాపీ తీస్తాను.

5, 197 నంబర్లు పెరుగుతున్న డిస్కు మీద ఎఫ్ఎస్‌సీకే నడపొద్దు. ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూతో ఇమేజ్ (డిస్కు మొత్తం కాపీ) తీయండి, రిపేర్ ఆ ఇమేజ్ కాపీ మీద చేయండి. ఇది నేను చాలా ఏళ్ల కిందట నేర్చుకున్నాను. మా దగ్గరి బంధువుల ఇంట్లో డిస్కు, టిక్ టిక్ అని శబ్దం చేస్తూ ఉంది. మౌంట్ కావట్లేదంటే నేను నేరుగా హైఫన్ వై పెట్టి నడిపేశాను. స్క్రీన్ మీద ‘క్లియర్? ఎస్’, ‘క్లియర్? ఎస్’ అంటూ గంటసేపు పోయింది. అయిపోయాక మౌంట్ అయింది, లోపల ఫోల్డర్లు లేవు. లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్లో హ్యాష్ గుర్తు, దాని పక్కన ఒక అంకె, ఇలా పేర్లు లేని ఫైళ్లు కుప్పగా ఉన్నాయి. వాళ్ల అమ్మగారి షష్టిపూర్తి ఫొటోలు అందులో ఏవో తెలుసుకోవడానికి వాళ్ల అబ్బాయీ నేనూ నాలుగు సాయంత్రాలు ఒక్కో ఫైలూ తెరిచి చూశాం. కొన్ని సగం దాకా ఉండి కింద బూడిద రంగు పట్టీ, కొన్ని తెరుచుకోలేదు. చదవలేని సెక్టార్లని డిస్కు తప్పుగా చెప్తుంటే, ఎఫ్ఎస్‌సీకే వాటిని నమ్మి మంచి ఎంట్రీలని కూడా కొట్టేసింది. ముందు ఇమేజ్ తీసి ఉంటే ఆ ఫొటోల్లో చాలా వరకు పేర్లతో సహా దక్కేవి.

ఎక్స్‌ట్4 కాకపోతే పద్ధతి వేరు. ఎక్స్ఎఫ్ఎస్‌కి ఎఫ్ఎస్‌సీకే కొడితే ఏమీ చేయదు, దానికి ఎక్స్ఎఫ్ఎస్ రిపేర్ అని (మధ్యలో అండర్‌స్కోర్) వేరే ఉంది. అది కూడా ముందు ఒకసారి మౌంట్ చేసి లాగ్‌ని సర్దుకోనివ్వమంటుంది. హైఫన్ పెద్ద ఎల్ పెడితే లాగ్ చెరిపేసి ముందుకెళ్తుంది, అది ఇంకే దారీ లేనప్పుడే. డిస్కుని క్లోన్ చేసి రెండూ ఒకే మెషీన్‌కి తగిలిస్తే యూయూఐడీ ఒకటే కావడం వల్ల ఎక్స్ఎఫ్ఎస్ రెండోదాన్ని మౌంట్ చేయదు, నోయూయూఐడీ ఆప్షన్‌తో తాత్కాలికంగా తెరవొచ్చు. బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ అయితే చెక్ కమాండ్‌కి రిపేర్ ఆప్షన్ పెట్టకండి, ముందు రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి డేటా బయటికి తెచ్చుకోండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, కొత్త యూయూఐడీ పెట్టాక నేరుగా రీబూట్ కొట్టకండి. మొదట సుడో, ఫైండ్‌ఎంఎన్‌టీ (కలిపి ఒకే మాట), రెండు హైఫన్లు, వెరిఫై అని కొట్టండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఉన్న ప్రతి లైన్నీ చదివి లేని యూయూఐడీ, లేని ఫోల్డర్, ఒప్పుకోని ఫైల్ సిస్టమ్ పేరు ఉంటే చెప్పేస్తుంది. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్ హైఫన్ రీలోడ్. ఇది మరిచిపోతే సిస్టమ్‌డీ ఇంకా పాత లైనే గుర్తుపెట్టుకుని ఉంటుంది. మీరు చేత్తో మౌంట్ చేసినదాన్ని మరుక్షణమే అది అన్‌మౌంట్ చేసేయడం కూడా చూశాను, ఎర్రర్ కూడా రాదు, పిచ్చెక్కిపోతుంది. ఆ తర్వాత మౌంట్ హైఫన్ ఏ, ఆపైన డీఎఫ్ హైఫన్ హెచ్. నోఫెయిల్ ఉన్న లైన్లో డిస్కు దొరకకపోతే మౌంట్ హైఫన్ ఏ మాట్లాడకుండా వదిలేస్తుంది, కాబట్టి ఎర్రర్ రాలేదని సంతోషించకుండా డీఎఫ్‌లో పార్టిషన్ పేరు కళ్లతో చూడండి.

ఆ జీపార్టెడ్ పనిలో స్వాప్ పార్టిషన్‌ని (ర్యామ్ చాలనప్పుడు వాడేది) కూడా ఫార్మాట్ చేసి ఉంటే దానికీ కొత్త యూయూఐడీ వచ్చి ఉంటుంది. అప్పుడు బూట్ మొదట్లో ‘గేవప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్ రెజ్యూమ్ డివైస్’ అని కాసేపు ఆగుతుంది. ఈటీసీలో ఇనిట్రామ్ఎఫ్ఎస్ టూల్స్ కింద కాన్ఫ్ డాట్ డీలో రెజ్యూమ్ అనే ఫైలు ఉంటే అందులో యూయూఐడీ మార్చి, అప్‌డేట్ హైఫన్ ఇనిట్రామ్ఎఫ్ఎస్ హైఫన్ యూ కొట్టండి.

ఇవన్నీ చేశాక కూడా ఎమర్జెన్సీ మోడ్ వస్తే ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ అవుట్‌పుట్, ఎఫ్ఎస్‌ట్యాబ్ మొత్తం, జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ హైఫన్ పీ ఈఆర్ఆర్ ఇచ్చినది, ఈ మూడూ ఫోన్‌తో ఫొటో తీసైనా సరే ఇక్కడ పెట్టండి, రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను. ఫొటోల పార్టిషన్ తెరుచుకోగానే వేరే పనులు పక్కనపెట్టి ముందు వాటికి బయటి డిస్కు మీద ఒక కాపీ తీసుకోండి. మీరు ఇప్పుడే ఫార్మాట్ చేసిన ఆ బ్యాకప్ పార్టిషన్ కూడా అదే డిస్కు మీద ఉంది కదా, అక్కడ తీసిన కాపీని కాపీగా లెక్కపెట్టకండి.